పాలస్తీనా ఖైదీల గురించి మన ఊళ్లో ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకోవాలంటే

మా ఊరి లైబ్రరీ గదిలో ఈ విషయం మీద మొదటిసారి కూర్చున్నప్పుడు పదిహేను మంది వచ్చారు. మాది పాలకొల్లు దగ్గర కాలవ గట్టున ఉన్న ఊరు. రెండు వారాలు కష్టపడి లెక్కలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, అరగంట సేపు అవే చదివాను. ఎవరూ లేచి వెళ్లలేదు గానీ, విన్నవాళ్లకు ఏమీ పట్టలేదని మొహాలు చూస్తేనే తెలిసింది. అప్పుడు వెనక చాప మీద కూర్చున్న ఒక అక్క, పన్నెండేళ్లు కువైట్‌లో ఇళ్లల్లో పని చేసి వచ్చిన మనిషి, ఒక్కటే అడిగింది: "ఇంతకీ ఆ పట్టుకెళ్లినోళ్లు ఎక్కడున్నారో ఇంట్లోవాళ్లకి తెలుసాండీ?"

ఆమె తమ్ముడు గల్ఫ్‌లో వీసా కాగితాల గొడవలో దొరికిపోయి, ఏ జైల్లో ఉన్నాడో నలభై రోజుల పాటు తెలియలేదు. ఆ నలభై రోజులూ వాళ్లమ్మ అందర్నీ అడిగినవి నాలుగే ప్రశ్నలు. వాడు ఎక్కడున్నాడు, ఏం కేసు పెట్టారు, ఎన్నాళ్లకి వదుల్తారు, వాడిని కళ్లతో చూసినవాళ్లు ఎవరన్నా ఉన్నారా. ఆ రోజు నుంచి నేను ఎక్కడ మాట్లాడినా ఈ నాలుగు ప్రశ్నల వెంటే వెళ్తున్నాను. ఇజ్రాయెల్ పట్టుకెళ్లి జైళ్లలో పెట్టినవాళ్ల గురించి పాలస్తీనాలో కొన్ని వేల ఇళ్లల్లో ఇవే నాలుగు ప్రశ్నలు అడుగుతున్నారు, చాలామందికి ఒక్కదానికీ జవాబు రావడం లేదు. మన జనానికి చెప్పాల్సింది ఇదే అని నా నమ్మకం. మీ ఊళ్లో కూడా ఇలాంటి సాయంత్రం పెట్టాలనుకుంటే, ఇప్పటిదాకా ఆరు ఊళ్లలో చేసి మేము నేర్చుకున్నది చెప్తాను.

ముందు రోజు, చోటు సంగతి. పాలస్తీనావాళ్లు 1974 నుంచి ఏప్రిల్ 17ని ఖైదీల దినంగా జరుపుకుంటున్నారు కాబట్టి ఆ రోజే పెట్టాలని అనిపిస్తుంది, కానీ డెల్టాలో అది దాళ్వా కోతల సమయం, ధాన్యం కళ్లంలో ఉండి ఆకాశంలో మబ్బు కనిపిస్తే ఎవరూ రారు, రమ్మనడం కూడా న్యాయం కాదు. కోతలయ్యి కాలవలు కట్టేశాక, మే నెలలో ఏదో ఒక రోజు రాత్రి ఏడున్నరకి పెట్టుకోండి. లైబ్రరీ, స్కూలు గది, ఎవరింటి అరుగైనా సరిపోతుంది. గుడి, చర్చి, మసీదు ఆవరణలు మాత్రం వద్దు, వాటిలో ఏది ఎంచుకున్నా మిగతా రెండు వైపుల వాళ్లు ఇది మన మీటింగ్ కాదనుకుంటారు. గదిలో కూర్చుని మాట్లాడుకోడానికి మైకు అక్కర్లేదు, సెంటర్లో మైకు పెట్టి మాట్లాడాలంటే మాత్రం ముందే స్టేషన్‌కి వెళ్లి అనుమతి తీసుకోండి.

ఇక ఆ నాలుగు ప్రశ్నలకి మీరు తయారవ్వాలి. దీనికి కనీసం వారం పెట్టుకోండి.

మొదటిది, ఎక్కడున్నాడు. ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో అరెస్టులు ఎక్కువగా రాత్రిపూట జరుగుతాయి, ఇజ్రాయెల్ సైనికులు ఇంట్లోకి వచ్చి తీసుకెళ్తారు. ఖైదీలను ఉంచే పెద్ద జైళ్లలో ఓఫర్ ఒక్కటే వెస్ట్ బ్యాంక్‌లో ఉంది, మెగిద్దో, నెగెవ్ ఎడారిలోని కెత్సియోత్ లాంటివన్నీ ఇజ్రాయెల్ లోపల ఉన్నాయి. ఆక్రమిత ప్రాంతం మనుషులను ఆ ప్రాంతంలోనే ఉంచాలని నాలుగో జెనీవా ఒప్పందం 76వ అధికరణ చెప్తుంది. ఇది కాగితం మీది గొడవ కాదని చెప్పడానికి నేను రాజమండ్రి జైలుని గుర్తు చేస్తాను. మన జిల్లాల్లో ఎవరైనా అక్కడుంటే ఇంట్లోవాళ్లు పొద్దున బస్సెక్కి ములాఖత్‌కి వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తారు. వెస్ట్ బ్యాంక్ తల్లికి కొడుకుని చూడాలంటే ముందు ఇజ్రాయెల్‌లోకి అడుగు పెట్టడానికే పర్మిట్ కావాలి. హమాస్ అనే పాలస్తీనా సాయుధ సంస్థ ఇజ్రాయెల్ మీద దాడి చేసిన 2023 అక్టోబర్ 7 తర్వాత ఆ ములాఖత్‌లు కూడా ఆపేశారు. ఇంకో పాలస్తీనా ప్రాంతమైన గాజా నుంచి తీసుకెళ్లినవాళ్ల సంగతి ఇంకా ఘోరం, వాళ్లలో చాలామందిని బెయేర్షెబా దగ్గరున్న స్దే తేమాన్ అనే సైనిక స్థావరంలో ఉంచారు, ఎవరెవరు అక్కడున్నారో నెలల తరబడి ఇళ్లకి తెలియలేదు. జెరూసలేంలో హామోకెద్ అని ఒక ఇజ్రాయెలీ సంస్థ ఉంది, 1988లో మొదలైంది. తప్పిపోయిన మనిషి ఏ జైల్లో ఉన్నాడో సైన్యాన్ని అడిగి ఇంటివాళ్లకి చెప్పడం వాళ్లు రోజూ చేసే పని. అలాంటి పనికి ఒక సంస్థ అవసరమైందన్న మాట చెప్పినప్పుడల్లా గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు.

రెండోది, ఏం కేసు. ఇక్కడ ఓపిగ్గా ఆగండి, అసలు విషయం ఇక్కడే ఉంది. అడ్మినిస్ట్రేటివ్ డిటెన్షన్ అని ఇంగ్లీషులో అని వదిలేస్తే ఎవరికీ అర్థం కాదు, అదే పీడీ యాక్ట్ లాంటిదండీ అంటే అందరికీ అర్థమవుతుంది, ఎందుకంటే నాటుసారా కాసేవాళ్ల మీద పీడీ యాక్ట్ పెట్టారని మనం పేపర్లో చదువుతూనే ఉంటాం. అరబిక్‌లో దాన్ని ఇతికాల్ ఇదారీ అంటారు. నేరం చేశావని కాదు, చేస్తావేమో అని లోపల పెట్టడం. కానీ తేడా కూడా చెప్పాలి. మన దగ్గర ఎందుకు పట్టుకున్నారో కారణాలు చెప్పాలని, మూడు నెలలు దాటి ఉంచాలంటే సలహా మండలి చూడాలని రాజ్యాంగం 22వ అధికరణలో ఉంది, పీడీ యాక్ట్ కింద పన్నెండు నెలలు దాటకూడదు. దాన్ని కూడా ఇష్టమొచ్చినట్టు వాడుతున్నారని మన కోర్టులే చాలాసార్లు తప్పుపట్టాయి. అక్కడ మాత్రం సాక్ష్యం రహస్యం, పట్టుబడినవాడికీ చూపించరు, అతని లాయరుకీ చూపించరు. దీని మూలం 1945లో బ్రిటిష్‌వాళ్లు పాలస్తీనాలో తెచ్చిన ఎమర్జెన్సీ నిబంధనల్లో ఉంది. ఆ రోజుల్లో వాటి కింద యూదుల్ని కూడా పట్టుకెళ్లారు, యూదు లాయర్లు గట్టిగా వ్యతిరేకించారు. 1948లో ఇజ్రాయెల్ దేశం వచ్చింది గానీ ఆ నిబంధనలు పోలేదు. గాజావాళ్లకి ఇంకో చట్టం, 2002లో చేసిన అన్‌లాఫుల్ కంబాటెంట్స్ (చట్టవిరుద్ధంగా పోరాడేవాళ్లు అని) చట్టం, దాని కింద కూడా విచారణ లేకుండానే ఉంచొచ్చు.

కేసు పెట్టినా అది సైనిక కోర్టులోనే. అదే కొండ మీద ఉండే ఇజ్రాయెలీ సెట్లర్, అంటే వెస్ట్ బ్యాంక్‌లో వచ్చి స్థిరపడినవాడు, తప్పు చేస్తే ఇజ్రాయెల్ మామూలు కోర్టుకి వెళ్తాడు, పక్క ఊరి పాలస్తీనా కుర్రాడు సైనిక కోర్టుకి వెళ్తాడు. పన్నెండేళ్లు నిండిన పిల్లల మీద కూడా అక్కడ కేసు నడపొచ్చు, పిల్లల మీద ఎక్కువగా పెట్టేది రాళ్లు విసిరిన కేసే.

మూడోది, ఎన్నాళ్లు. అడ్మినిస్ట్రేటివ్ డిటెన్షన్ ఆర్డరు ఒక్కోటి ఆరు నెలల దాకా ఇస్తారు, అయిపోయే ముందు ఇంకో ఆరు నెలలు పొడిగించొచ్చు, ఎన్నిసార్లైనా. సంచి సర్దుకుని కూర్చున్నవాడికి విడుదల రోజే కొత్త ఆర్డరు చేతిలో పెట్టిన సందర్భాలున్నాయి. దీని గురించి మాట్లాడటానికి మీ చుట్టుపక్కల ఎమర్జెన్సీ రోజుల్లో మీసా, అంటే విచారణ లేకుండా లోపల పెట్టే చట్టం కింద జైలుకెళ్లిన పెద్దాయన ఎవరైనా ఉంటే వెతికి పట్టుకోండి, ఎనభై దాటినవాళ్లు ఇంకా కొందరున్నారు. మా మీటింగ్‌కి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. శిక్ష పడ్డ ఖైదీలు గోడ మీద గీతలు కొట్టి రోజులు లెక్కపెట్టుకునేవారు, మాకు లెక్కపెట్టుకోవడానికి చివర అనేది లేదు, అదే తట్టుకోలేకపోయాం అని చెప్పారాయన. నేను గంటసేపు చెప్పినదానికంటే ఆ ఒక్క మాట ఎక్కువ పనిచేసింది. ఆయనకి ఆటో పెట్టి తీసుకురండి, ముందే రెండు మూడు ప్రశ్నలు ఇచ్చి ఉంచండి, మిగతాది ఆయనే చూసుకుంటారు.

మనిషి పేరు చెప్పాల్సింది కూడా ఇక్కడే. ఖాదర్ అద్నాన్ జెనిన్ దగ్గర అర్రాబా అనే ఊళ్లో రొట్టెలు చేసేవాడు. కేసు లేకుండా ఉంచినందుకు 2011 చివర నుంచి 2012 దాకా 66 రోజులు నిరాహార దీక్ష చేసి విడుదలయ్యాడు. మళ్లీ మళ్లీ అరెస్టు చేశారు, మళ్లీ మళ్లీ దీక్ష చేశాడు. చివరిసారి 86 రోజులు తినకుండా 2023 మే 2న జైల్లోనే చనిపోయాడు. ఆయన ఇస్లామిక్ జిహాద్ అనే పాలస్తీనా సాయుధ సంస్థ మనిషి, చివరిసారి కేసు కూడా పెట్టారు. ఈ రెండు మాటలూ మీరే చెప్పండి, దాస్తే తర్వాత ఎవరో ఫోన్‌లో చూసి లేచి అడుగుతారు, అప్పుడు మీరు చెప్పిన నిజాలు కూడా నమ్మరు.

నాలుగోది, చూసినవాళ్లెవరు. యుద్ధం ఏదైనా ఖైదీలను చూసి రావడం రెడ్‌క్రాస్ పని. 2023 అక్టోబర్ 7 తర్వాత అంతర్జాతీయ రెడ్‌క్రాస్‌ని ఈ జైళ్లలోకి రానివ్వలేదు, 2025 చివరికి కూడా రానివ్వలేదు. కాబట్టి లోపల ఏం జరిగిందో మనకి తెలిసేది బయటికొచ్చినవాళ్లు చెప్తే, లాయర్లు రాస్తే, కోర్టులో బయటపడితే. బెత్సెలెమ్ అనే ఇజ్రాయెలీ మానవ హక్కుల సంస్థ 2024 ఆగస్టులో 55 మంది పాలస్తీనావాళ్ల మాటలు సేకరించి బయటపెట్టింది. కొట్టడం, ఆకలితో ఉంచడం, నిద్రపోనివ్వకపోవడం, సబ్బు కూడా ఇవ్వకపోవడం, ఆరుగురికి కట్టిన గదిలో పన్నెండు పద్నాలుగు మందిని కుక్కడం. జైళ్లలో గజ్జి పాకిపోయింది. స్దే తేమాన్‌లో కళ్లకి గంతలు కట్టి, చేతులకి కాళ్లకి సంకెళ్లు వేసి రోజుల తరబడి ఉంచారని అక్కడ పని చేసినవాళ్లే బయటికొచ్చి చెప్పారు. 2024 జూలైలో ఒక ఖైదీని హింసించారన్న ఆరోపణ మీద కొందరు సైనికులను పట్టుకుంటే, వాళ్లని వదలమని గుంపులు, వాళ్లతో పాటు పార్లమెంటు సభ్యులు కూడా ఆ స్థావరంలోకి చొరబడ్డారు. జైళ్ల శాఖ ఈ ఆరోపణలు నిజం కాదంటుంది, అది కూడా చెప్పండి. అయితే ఆ శాఖ చూసే మంత్రి బెన్ గ్విర్ ఖైదీల పరిస్థితి కఠినం చేశానని బహిరంగంగా చెప్పుకున్నాడు. 2025 సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టే ఖైదీలకి సరిపడా తిండి పెట్టడం లేదని, పెట్టాలని తీర్పు చెప్పింది. ఇది ఆ దేశపు కోర్టు చెప్పిన మాట. ఎవరైనా ఇదంతా ప్రచారం అంటే ముందు ఈ తీర్పు చెప్పండి.

ఇద్దరు మనుషుల సంగతి చెప్పి ఆపేయండి, ఎక్కువ వద్దు. గాజాలో అల్ షిఫా ఆస్పత్రి ఎముకల విభాగం పెద్ద డాక్టర్ అద్నాన్ అల్ బుర్ష్‌ని 2023 డిసెంబర్‌లో ఇంకో ఆస్పత్రిలో పని చేస్తుండగా పట్టుకెళ్లారు. 2024 ఏప్రిల్‌లో ఓఫర్ జైల్లో చనిపోయాడు. ఇంకొకడు వెస్ట్ బ్యాంక్ సిల్వాద్ ఊరి పదిహేడేళ్ల కుర్రాడు. ఆరు నెలలు లోపలున్నాడు. 2025 మార్చిలో మెగిద్దో జైల్లో చనిపోతే, పోస్టుమార్టం దగ్గరున్న డాక్టరు తిండి లేక చిక్కిపోయిన ఒళ్లు, గజ్జి రాసుకొచ్చాడు. 2023 అక్టోబర్ తర్వాత ఇలా నిర్బంధంలో చనిపోయినవాళ్లు కనీసం 75 మంది అని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం 2025 సెప్టెంబర్‌లో చెప్పింది.

లెక్కలు ఎన్ని చెప్పాలి అంటారా, ఒక్క పోలిక చాలు. 2023 అక్టోబర్‌కి ముందు ఖైదీలు సుమారు 5,200 మంది, అందులో అడ్మినిస్ట్రేటివ్ కింద ఉన్నవాళ్లు 1,300 దాకా. 2025 సెప్టెంబర్‌లో మొత్తం సుమారు 11,000. వాళ్లలో అడ్మినిస్ట్రేటివ్ కింద 3,500, అన్‌లాఫుల్ కంబాటెంట్ అని 2,600 మంది దాకా. అంటే లోపలున్నవాళ్లలో సగానికి పైగా విచారణే లేనివాళ్లు. అక్టోబర్‌లో ఇజ్రాయెల్, హమాస్‌ల కాల్పుల విరమణ ఒప్పందం కింద దాదాపు రెండు వేల మందిని వదిలాక మొత్తం తగ్గింది. ఈ అంకెలు నెల నెలా మారతాయి. హామోకెద్ జైళ్ల శాఖ నుంచే తీసుకుని ప్రతి నెలా పెడుతుంది, మీటింగ్‌కి ముందు రోజు చూసుకుని ఏ నెల లెక్కో కూడా కలిపి చెప్పండి.

మేము చేసే పని ఇంకొకటి ఉంది, మీరూ చేయండి. ఒక ఖైదీకి నాలుగున్నర చదరపు మీటర్ల చోటుండాలని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అంటే మన కొలతల్లో పదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు కంటే కొంచెం తక్కువ. ముగ్గుపిండితో నేల మీద ఆ చోటు గీయండి. అందులోనే మరుగుదొడ్డి, స్నానం చోటు కూడా కలిపి లెక్క అని చెప్పి ఒక మూల అడ్డగీత పెట్టండి. ఒక మనిషిని పడుకోమనండి. తర్వాత ఇంకొకరిని కూడా పడుకోమనండి. అంతే. ఇక్కడ నా మాట గట్టిగా చెప్తున్నాను, పిల్లల కళ్లకి గంతలు కట్టడం, చేతులు వెనక్కి కట్టి నాటకం వేయడం లాంటివి చేయొద్దు. ఒక ఊళ్లో ఉత్సాహంగా అలా చేస్తే చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరో నిజంగా పడ్డ బాధ అది, చప్పట్ల కోసం వాడుకోకూడదు.

ఫొటోలు, వీడియోల విషయంలో ఇంకా జాగ్రత్త. వాట్సాప్‌లో వచ్చినది ఏదీ చూపించొద్దు. మాకు ఒక ఫొటో వచ్చింది, ఇరుకు గదిలో కుక్కిన ఖైదీలది, చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది, వెతికితే అసలు వేరే దేశం జైలు అని తేలింది. చూపించి ఉంటే ఆ ఒక్క అబద్ధంతో ఆ రాత్రి మొత్తం పోయేది. బట్టలు విప్పించి కూర్చోబెట్టిన మగవాళ్ల ఫొటోలు నిజమైనవే ఉన్నాయి, అవి కూడా వద్దు. ఆ మనిషి ఒప్పుకుని తీయించుకున్న ఫొటో కాదది.

ఇప్పుడు అసలు టెన్షన్ పెట్టే భాగం, ప్రశ్నలు. మన డెల్టాలో మొట్టమొదట వచ్చేది చర్చికి వెళ్లే కుటుంబాల నుంచి. చిన్నప్పటి నుంచి ఇశ్రాయేలు అనే పేరు ప్రార్థనలో విన్నవాళ్లు వాళ్లు, ఆ పేరుతో ఉన్న దేశాన్ని ఎవరైనా తప్పుపడితే మనసు కలుక్కుమంటుంది, అందులో తప్పేమీ లేదు. వాళ్లతో వాదన పెట్టుకోవద్దు. ఊర్ల పేర్లు చెప్పండి చాలు. బేత్లెహేము వెస్ట్ బ్యాంక్‌లో ఉంది, అక్కడ ఇప్పటికీ పాలస్తీనా క్రైస్తవ కుటుంబాలు బతుకుతున్నాయి, వాళ్ల పిల్లల్ని పట్టుకెళ్లినా వెళ్లేది ఆ సైనిక కోర్టుకే. మెగిద్దో, బెయేర్షెబా పేర్లు వాళ్లకి మనకంటే బాగా తెలుసు. మా దగ్గర ఈ మాటయ్యాక ఒక పాస్టరు గారు చెరసాలలో ఉన్నవాళ్లని చూడటానికి వెళ్లాలన్న మాట తనే ఎత్తి పది నిమిషాలు మాట్లాడారు, నేను కూర్చుని విన్నాను.

రెండో ప్రశ్న, వాళ్లలో హంతకులు లేరా అని. ఉన్నారు. మనుషుల్ని చంపిన కేసుల్లో యావజ్జీవ శిక్ష పడ్డవాళ్లు ఉన్నారు, లేరని చెప్పొద్దు. శిక్ష పడ్డవాడికైనా అన్నం, మందు, దెబ్బలు లేని రోజు ఉండాలి. విచారణే లేనివాడిని హంతకుడని ఎలా అంటామో అడిగినవారినే తిరిగి అడగండి, కోపంగా కాకుండా అడగండి.

మూడోది, మరి బందీల సంగతేమిటని. దీని కోసం ప్రశ్న వచ్చేదాకా ఆగకండి, మీరే ముందు చెప్పండి. 2023 అక్టోబర్ 7న హమాస్, మిగతా సాయుధ గ్రూపులు ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని గాజాకి పట్టుకెళ్లాయి. ముసలివాళ్లు, పసిపిల్లలు కూడా ఉన్నారు. వాళ్ల దగ్గరికి కూడా రెడ్‌క్రాస్‌ని వెళ్లనివ్వలేదు. ప్రాణాలతో మిగిలిన చివరి 20 మంది 2025 అక్టోబర్ 13న బయటికొచ్చారు. రెండేళ్లు ఆ తల్లులు అడిగినవీ ఆ నాలుగు ప్రశ్నలే. ఇది చెప్తే మీ మాట పలచబడుతుందేమో అని నేనూ మొదట భయపడ్డాను, కానీ అలా ఏం జరగలేదు, ఇది చెప్పాకే కొంతమంది కుర్చీ ముందుకు జరుపుకుని విన్నారు.

ఎక్కడో ఉన్నవాళ్ల గొడవ మనకెందుకు అనే ప్రశ్నకి నేను జవాబు చెప్పను. ఆ అక్కనే చెప్పమంటాను. కువైట్‌లో ఆమె పని చేసిన ఇంటి పక్కన ఒక పాలస్తీనా కుటుంబం ఉండేదట, తమ్ముడి కోసం ఆమె ఏడుస్తుంటే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పింది ఆ ఇంటావిడేనట. మీ ఊళ్లోనూ గల్ఫ్‌లో పని చేసి వచ్చినవాళ్లు తప్పకుండా ఉంటారు, వాళ్లని ముందు వరసలో కూర్చోబెట్టండి.

చివర్లో ఏదో ఒకటి చేతిలో పెట్టాలి, లేకపోతే జనం బరువుగా ఇంటికెళ్తారు. ఖైదీలకి ఉత్తరాలు రాద్దాం అని ఆశ పెట్టకండి, అవి చేరతాయన్న భరోసా మనం ఇవ్వలేం. మేము ఒక పేజీ తెలుగు ఉత్తరం రాసి, వచ్చినవాళ్ల సంతకాలు తీసుకుని, ఒకటి మన ఎంపీకి, ఒకటి విదేశాంగ శాఖకి పంపుతాం. మీది నరసాపురమో, అమలాపురమో, రాజమండ్రో చూసుకోండి. అందులో అడిగేవి రెండే. రెడ్‌క్రాస్‌ని ఆ జైళ్లలోకి పంపమని మన ప్రభుత్వం గట్టిగా అడగాలి, విచారణ లేకుండా ఉంచినవాళ్ల మీద కేసు పెట్టాలి లేదా వదిలెయ్యాలి అని చెప్పాలి. పాలస్తీనాని 1988లోనే దేశంగా గుర్తించినవాళ్లం మనం, ఆ ఏడాది కూడా ఉత్తరంలో రాయండి. సంతకం పెట్టమని ఎవర్నీ బలవంతం చేయొద్దు, గవర్నమెంటు ఉద్యోగంలో ఉన్నవాళ్లని అసలు అడగొద్దు. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు ఫొటో తీసి వచ్చినవాళ్లందరికీ పెట్టండి. టీ ఉత్తరం అయ్యాకే ఇవ్వండి, ముందు ఇస్తే సగం మంది గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గరికి పోతారు.

వెళ్లే ముందు ముగ్గు తుడిచేయండి, పొద్దున్నే పేపర్ చదివేవాళ్లు వస్తారు. గోడ మీద మాత్రం, లైబ్రేరియన్ గారు ఒప్పుకుంటే, ఒక చార్ట్ ఉంచండి. నాలుగు గళ్లు గీసి పైన ఆ నాలుగు ప్రశ్నలు రాయండి, ప్రతి నెలా కొత్త లెక్క చూసి మొదటి మూడు గళ్లు తేదీతో సహా మార్చండి. మా గోడ మీద నాలుగో గడి, చూసినవాళ్లెవరు అన్నది, మొదటి రోజు నుంచి ఖాళీగానే ఉంది. అక్కడ ఏదీ రాయం, రెడ్‌క్రాస్ లోపలికి వెళ్లిన రోజు తేదీ రాయడానికి ఉంచాం.